డీఎస్‌సీలో రెండు పీక్‌లు, క్యాపిలరీలో ఒకటే మెల్టింగ్. రిపోర్ట్‌లో ఏది రాయాలి?

స్పాచులా (ప్రశ్న, శుక్రవారం రాత్రి)

అందరికీ నమస్కారం. పాశమైలారం వైపు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్‌లో) పనిచేస్తున్నాను. ఎంఎస్సీ ఆర్గానిక్ అయ్యాక మూడేళ్లు హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్‌ని కరిగించి, అందులో కలిసినవాటిని విడదీసి కొలిచే మెషీన్) తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. డీఎస్‌సీ (శాంపిల్‌ని వేడిచేస్తూ అది ఎంత వేడి తీసుకుంటోందో, వదులుతోందో గీత గీసే మెషీన్) నా చేతికొచ్చి ఎనిమిది నెలలే. అది కూడా అంతకుముందు చూసే ఆయన మానేయడం వల్ల వచ్చింది. వెళ్లేముందు ఆయన నాకు నేర్పింది లెక్కపెట్టి రెండు మధ్యాహ్నాలు. పాన్ ఎలా నొక్కాలి, నైట్రోజన్ ఎప్పుడు తిప్పాలి, స్టార్ట్ ఎక్కడ కొట్టాలి, అంతవరకే.

విషయానికొస్తాను. ప్రొడక్ట్ కార్బమజెపీన్, మూర్ఛకి వాడే మందు. బ్యాచ్‌కి చేయాల్సినవన్నీ అయ్యాయి. హెచ్‌పీఎల్‌సీ ప్యూరిటీ 99.8 శాతం. లాస్ ఆన్ డ్రయింగ్ (ఆరబెడితే తగ్గే బరువు) 0.12 శాతం. క్యాపిలరీ మెల్టింగ్ (సన్నటి గాజు గొట్టంలో పొడి దట్టించి చూసే ద్రవీభవన స్థానం) 190.2 నుంచి 191.4. స్పెక్ 189 నుంచి 193 కాబట్టి దర్జాగా పాస్. మా దగ్గర డీఎస్‌సీ రిలీజ్ టెస్ట్ కాదు. ఈసారి కస్టమర్ థర్మోగ్రామ్ (డీఎస్‌సీ చార్ట్) కావాలని మెయిల్ పెట్టాడు. సోమవారం పంపాలి.

2.6 మి.గ్రా. తూచి, అల్యూమినియం పాన్‌లో వేసి, మూతకి పిన్‌హోల్ పెట్టి, నైట్రోజన్ నిమిషానికి 50 మి.లీ. పెట్టి, 30 నుంచి 220 వరకు నిమిషానికి 10 డిగ్రీల చొప్పున నడిపాను. 170 దాకా గీత తిన్నగా, నిద్రపోతున్నట్టు వచ్చింది. 174.6 దగ్గర చిన్న గుంట పడింది (మా సాఫ్ట్‌వేర్‌లో ఎండోథర్మ్, అంటే వేడి తీసుకోవడం, కిందికి). అది ఇంకా బేస్‌లైన్‌కి చేరకుండానే గీత పైకి లేచి మూపురంలా అయింది. తర్వాత కాసేపు మామూలుగా నడిచి 190.7 ఆన్‌సెట్‌తో (పీక్ మొదలయ్యే చోటు), 192.1 కొనతో లోతుగా పెద్ద పీక్ వచ్చింది. గ్రాముకి 104 జౌల్స్.

ఫైల్లో పాత బ్యాచ్ చార్ట్ ఉంది, దాంట్లో 191 దగ్గర ఒకటే పీక్. మా సూపర్‌వైజర్ రెండూ పక్కపక్కన పెట్టి చూసి "ఏదో కలిసింది, ఫర్నేస్ తుడిచి మళ్లీ చెయ్యి" అన్నారు. తుడిచాను. మూడుసార్లు చేశాను. పాన్ డబ్బా కూడా మార్చాను. నాలుగు చార్ట్‌లు ఒకదానిమీద ఒకటి వేస్తే ఒకటే గీత అనుకుంటారు. మెషీన్ సరిచూసుకునే లోహం ఇండియం కూడా పెట్టి చూశా, ఆన్‌సెట్ 156.5, గ్రాముకి 28.4 జౌల్స్, అంటే మెషీన్ తప్పేం లేదు. ఇప్పుడు "రోట్లో బాగా నూరి చెయ్యి" అంటున్నారు. రేపు బి షిఫ్ట్‌లో ఆ పని చేయాలి.

లేడీస్ హాస్టల్‌కి వచ్చి అన్నం కూడా తినకుండా ఇది టైప్ చేస్తున్నాను. నా ప్రశ్నలు ఇవీ. 175 దగ్గరిది ఇంప్యూరిటీయా? అయితే హెచ్‌పీఎల్‌సీలో ఎందుకు లేదు? మెల్టింగ్ పాయింట్ అని ఏ నంబర్ రాయాలి? ఇంకోటి, మా సార్ పీక్ కొన 192.1 రాయమంటారు, మెషీన్ ఆన్‌సెట్ 190.7 అంటోంది.

టైట్రేషన్_రాజు

రెండు పీక్‌లంటే రెండు పదార్థాలు. టెన్త్‌లో చదువుకున్నదే కదా, శుద్ధమైన పదార్థానికి ద్రవీభవన స్థానం ఒక్కటే. మీ శాంపిల్‌లో ముందు స్టేజ్ ఇంటర్మీడియెట్ మిగిలి ఉంటుంది. హెచ్‌పీఎల్‌సీ డిటెక్టర్‌కి కనిపించని ఇంప్యూరిటీలు కూడా ఉంటాయి, అది మర్చిపోవద్దు. ఓఓఎస్ (ఫలితం స్పెక్‌కి బయట పడిందన్న రిపోర్ట్) రేజ్ చేసి ప్రొడక్షన్ వాళ్ల మీదికి తోసేయండి. మనకెందుకు టెన్షన్.

పరవాడ_పౌడర్

రాజు గారూ, దయచేసి ఓఓఎస్ దాకా తీసుకెళ్లకండి. మేడమ్, ముందు మీరు అన్నం తినండి. మీ శాంపిల్‌కి ఏమీ కాలేదు.

ఇంప్యూరిటీ అయితే కథ వేరేలా ఉంటుంది. కలిసింది మామూలుగా అసలు పదార్థం కరిగే వేడిని కిందికి లాగుతుంది, పీక్‌ని సాగదీస్తుంది. 191 పీక్ ముందువైపు వాలుగా, చెరువుగట్టులా దిగాలి. మీది నిటారుగా దిగిందని మీ నంబర్లే చెబుతున్నాయి, ఆన్‌సెట్‌కీ కొనకీ తేడా 1.4 డిగ్రీలే. పైగా కంటికి అంత స్పష్టంగా కనిపించే గుంట పెట్టాలంటే ఇంప్యూరిటీ శాతాల్లో ఉండాలి. 99.8 ప్యూరిటీలో దానికి చోటెక్కడిది?

మీరు రాసినదాంట్లో అసలు విషయం ఆ మూపురం. గుంట తర్వాత గీత బేస్‌లైన్ దాటి పైకి లేచిందంటే, శాంపిల్ వేడి తీసుకోవడం మానేసి బయటికి వదిలింది. కరిగినది మళ్లీ గడ్డకట్టిందన్నమాట. లడ్డూ పాకం కాస్త ముదిరితే గిన్నె అంచున పంచదార పలుకులు కడుతుంది చూడండి, అలా. వేడి పెరుగుతూ ఉండగా గడ్డకట్టడం ఏమిటని నేనూ మొదటిసారి చూసినప్పుడు తల గోక్కున్నాను.

కార్బమజెపీన్ అణువులు ఒకటే అయినా స్ఫటికంలో అవి పేర్చుకునే తీరు ఒకటి కాదు. మందుగా అమ్మేది ఫామ్ 3. గది వేడిలో స్థిరంగా ఉండేది అదే. సుమారు 70 డిగ్రీలు దాటాక ఫామ్ 1 దానికంటే స్థిరమైనది అవుతుంది, కానీ ఘనరూపంలో అణువులు చోటు మారడం కష్టం కాబట్టి ఫామ్ 3 అలాగే మొండిగా 175 దాకా లాక్కొస్తుంది. అక్కడ కరుగుతుంది. కరిగిన మరుక్షణం అణువులకి కదిలే వీలు దొరుకుతుంది, ఫామ్ 1గా గడ్డకడతాయి. మీ మూపురం అదే. ఆ ఫామ్ 1 మళ్లీ 191 దగ్గర కరుగుతుంది. పాన్‌లో మొదటి నుంచి చివరి దాకా ఉన్నది కార్బమజెపీన్ ఒక్కటే. హెచ్‌పీఎల్‌సీకి అది ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే మీరు దాన్ని ద్రావకంలో కరిగించాకే ఇంజెక్ట్ చేస్తారు, స్ఫటికం అక్కడే పోయింది.

మరి క్యాపిలరీలో ఎందుకు కనిపించలేదంటారా? ఫార్మకోపియా పద్ధతి ఒక్కసారి గుర్తు చేసుకోండి. అనుకున్న మెల్టింగ్‌కి 5 డిగ్రీల దిగువకి వచ్చాకే ట్యూబ్ లోపల పెడతాం. 190 అనుకుంటే 185 దగ్గర. మీరు ట్యూబ్ పెట్టేసరికి 175 ఎప్పుడో దాటిపోయింది. లోపలికి వెళ్లిన పొడి రెండు మూడు క్షణాల్లో తన వేషం మార్చేసుకుంటుంది, మీరు ఇంకా లెన్స్ సర్దుకుంటూ ఉంటారు.

రేపు ఇవి చేయండి. కొత్త పాన్ తీసుకుని 180 దాకా వేడిచేసి ఐదు నిమిషాలు ఆపి, 30కి చల్లార్చి, అదే పాన్‌ని మళ్లీ 220 దాకా నడపండి. నేను చెప్పింది నిజమైతే రెండోసారి 175 దగ్గర ఏమీ ఉండదు. పొరపాటున కూడా 192 దాటించి చల్లార్చకండి, మొత్తం కరిగిపోతే గాజులా గడ్డకట్టి ఇంకో కొత్త కథ మొదలవుతుంది. టైమ్ ఉంటే నిమిషానికి 2 డిగ్రీలు, 20 డిగ్రీలు కూడా చేయండి. నెమ్మదిగా వెళితే కరగకముందే కొంత మారిపోతుంది, మొదటి పీక్ చిన్నదవుతుంది. తొందరగా వెళితే పెద్దదవుతుంది. ఇంప్యూరిటీ పీక్ ఇలా వేగాన్ని బట్టి పెరిగి తరగదు. రేటు మార్చిన ప్రతిసారీ ఇండియం పెట్టడం మర్చిపోవద్దు.

పాన్‌ని రన్‌కి ముందు, తర్వాత తూచండి. బరువు తగ్గకపోతే నీళ్లూ సాల్వెంట్ ఎగిరిపోయిన పీక్ కాదని తేలిపోతుంది. ఎలాగూ కార్బమజెపీన్ డైహైడ్రేట్ అయితే నీరే 13 శాతం ఉంటుంది, మీ 0.12 ఎక్కడ, అదెక్కడ.

నూరడం మాత్రం వద్దు. రోట్లో రాపిడికే ఫామ్ మారే పదార్థాలు బోలెడు. మీరు కొలవాల్సిన దాన్ని మీరే పాడుచేసి కొలిచినట్టు అవుతుంది.

ఆన్‌సెట్, కొన సంగతి: స్వచ్ఛమైన స్ఫటికం కరగడం మొదలుపెట్టేది ఆన్‌సెట్ దగ్గర. ఆ తర్వాత పీక్ కిందికి పోవడమంతా శాంపిల్‌కి వేడి చేరడానికి పట్టే ఆలస్యం. 5 మి.గ్రా. వేస్తే కొన ఇంకా అవతలికి జరుగుతుంది, ఆన్‌సెట్ అక్కడే ఉంటుంది. మీ క్యాపిలరీ 190.2తో కలిసేది కూడా ఆన్‌సెట్టే. మీ సార్‌కి నచ్చచెప్పడానికి ఇండియం చార్టే చాలు. ఇండియం 156.6 దగ్గర కరుగుతుందని అందరం ఒప్పుకుంటాం కదా, ఆ నంబర్ మీ చార్ట్‌లో ఎక్కడ ఉంది, ఆన్‌సెట్‌లోనా కొనలోనా అని అడగండి.

చివరిగా ఒక అనుమానం. ఆ పాత చార్ట్‌లో కింద ఎక్స్ యాక్సిస్ ఎక్కడ మొదలవుతోంది?

బాలానగర్_తాత

పరవాడ అబ్బాయి చెప్పినది సబబుగా ఉంది. నాకు డీఎస్‌సీ అంతగా తెలియదు. నేను 1979లో బాలానగర్ ఐడీపీఎల్‌లో (ప్రభుత్వ మందుల కంపెనీ) చేరినప్పుడు మా చేతికిచ్చింది థీల్ ట్యూబ్, లిక్విడ్ పారఫిన్, ఒక థర్మామీటర్. క్యాపిలరీని దారంతో థర్మామీటర్ బల్బుకి కట్టి, చిన్న మంట మీద పెట్టి, కళ్లార్పకుండా కూర్చోవాలి. తొందరపడి మంట పెంచితే పాదరసం ఒకచోట, పొడి ఒకచోట. నూనె పైన ఉన్న కాడకి చల్లగాలి తగులుతుంది కాబట్టి దానికి కరెక్షన్ వేరే లెక్కకట్టాలి.

మా సీనియర్ ఒకాయన ఉండేవారు. నోట్‌బుక్‌లో "మెల్టింగ్ 121 నుంచి 122" అని రాసి తీసుకెళితే సంతకం పెట్టేవారు కాదు. "కుదించుకున్నది ఎప్పుడు? చెమ్మగిల్లింది ఎప్పుడు? గోడని వదిలింది ఎప్పుడు? తేటపడింది ఎప్పుడు?" అని వరసగా అడిగేవారు. చూడలేదంటే మళ్లీ కొత్త క్యాపిలరీ. ఒక్కోరోజు మధ్యాహ్నం భోజనం మూడింటికి అయ్యేది. అప్పట్లో ఆయన్ని తిట్టుకున్నాం. ఇప్పుడు డిజిటల్ డబ్బాలొచ్చాయి, అది బీప్ అనగానే నంబర్ రాసేస్తున్నారు. దాన్ని తప్పనను, కానీ బీప్‌కి ముందు ఏం జరిగిందో ఎవరు చూస్తున్నారు?

అమ్మా, నువ్వు ఒక పని చెయ్యి. రెండు క్యాపిలరీలు నింపు, మూడు మిల్లీమీటర్లు చాలు, బల్ల మీద తట్టి బాగా దట్టించు. ఒకటి రూల్ ప్రకారం 185 దగ్గర పెట్టు. రెండోది 165 దగ్గరే పెట్టేసి నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున పోనిచ్చి లెన్స్‌లో కన్ను పెట్టి కూర్చో. ఫోన్ పక్కన పెట్టెయ్. ఇది రిలీజ్‌కి కాదు, నీ కళ్ల కోసం.

టైట్రేషన్_రాజు

సరే, ఓఓఎస్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ టెన్త్ పుస్తకం మాట?

పరవాడ_పౌడర్

పుస్తకం తప్పేం లేదు. ఒక స్ఫటిక రూపానికి ఒక మెల్టింగ్ పాయింట్. పదార్థానికి రూపం ఒకటే ఉంటుందని మనమే అనేసుకున్నాం. పారాసిటమాల్ తీసుకోండి, రోజూ మింగే మాత్ర. మామూలు రూపం 169, 170 దగ్గర కరుగుతుంది, రెండో రూపం 157 దగ్గరే.

స్పాచులా (ఆదివారం రాత్రి)

అందరికీ థాంక్స్. రెండు రోజులు పట్టింది, వివరంగా రాస్తున్నాను.

ముందు తాతగారి క్యాపిలరీ. మా మెషీన్‌కి కెమెరా ఉంది కానీ స్క్రీన్ మీద ఏదీ సరిగ్గా తెలియదు, అందుకే పక్కనున్న పాత మోడల్ తీసి దాని లెన్స్‌లోంచి చూశాను. 165 దగ్గర పెట్టా. 172 దాకా సుద్దముక్కలా తెల్లగా అలాగే ఉంది. 174 దగ్గర పొడి గాజు గోడ నుంచి కాస్త విడిపోయి కుదించుకుంది. 175 దాటేసరికి అంచులు తడిగా మెరిశాయి, మట్టి కుండకి చెమ్మ పట్టినట్టు. ఇక కరిగిపోతుంది అనుకుంటుండగా ఆ తడిలోంచి సన్నటి సూదుల్లాంటివి గోడ మీదికి పాకాయి. ఎంత తొందరగా అంటే, నేను కన్ను ఆర్పి ఉంటే పోయేది. మళ్లీ అంతా తెల్లగా, ఏమీ జరగనట్టు. ఆ సూదులు 190.5 దగ్గర మొదలై 191.5కి తేటపడిపోయాయి. 185 దగ్గర పెట్టిన రెండో క్యాపిలరీలో ఇదేమీ లేదు, పెట్టేటప్పుడు చిన్నగా మసకబారింది, అంతే. మూడున్నరేళ్లుగా క్యూసీలో ఉన్నా, మెల్టింగ్ పాయింట్ తీస్తూ "అబ్బా" అని పైకి అనడం ఇదే మొదటిసారి. పక్క టేబుల్ అబ్బాయి భయపడి ఏమైందని వచ్చాడు.

డీఎస్‌సీ. మొదటి పాన్ పాడైంది, తప్పు నాదే. ఏసీ గదిలో పొడి స్టాటిక్‌కి ఎగిరి పాన్ అంచుకి అంటుకుంది, నేను చూసుకోకుండా ప్రెస్ నొక్కేశాను. మూత సరిగ్గా కూర్చోలేదు, అడుగు కూడా కాస్త ఉబ్బింది. పీక్ వంకరగా వచ్చేసరికి గుండె జారింది. తీసి బల్ల మీద పెడితే పాన్ బొంగరంలా ఊగుతోంది. అడుగు చదునుగా లేకపోతే సెన్సార్‌కి ఆనదని చదివాను కానీ కళ్లతో చూడటం ఇదే. రెండోది మెత్తటి బ్రష్‌తో అంచు తుడిచి నొక్కాను. 180 దాకా తీసుకెళ్లి, ఐదు నిమిషాలు ఆపి, చల్లార్చి మళ్లీ నడిపితే 175 దగ్గర గీత నున్నగా ఉంది. ఆన్‌సెట్ 190.8, ఒకటే పీక్. పాన్ బరువు రన్‌కి ముందూ తర్వాతా ఒకటే. 20 డిగ్రీల రేటు చేశాను, మొదటి గుంట లోతు పెరిగింది. 2 డిగ్రీలది చేయలేదు, టైమ్ చాలలేదు, బస్సు వెళ్లిపోయేది.

ఇక పాత చార్ట్. పరవాడ సర్, మీకు దండం. ఎక్స్ యాక్సిస్ 180లో మొదలై 200లో అయిపోయింది! నేను ఇన్నాళ్లూ పీక్‌నే చూశాను, కింద అంకెలు చదవనేలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ రన్ తెరిచి చూశా, ఏదీ సేవ్ చేయకుండా. రన్ 30 నుంచే మొదలైంది. మొత్తం స్కేల్‌కి లాగితే 175 దగ్గర మా గుంట, మా మూపురం, రెండూ కూర్చుని ఉన్నాయి. ప్రింట్ తీసేటప్పుడు పెద్ద పీక్ అందంగా కనబడాలని జూమ్ చేసి ఉంటారు. ఆ కాగితం పట్టుకుని నేను మూడుసార్లు ఫర్నేస్ తుడిచాను.

సార్‌కి చూపించాను. ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత "నూరలేదు కదా?" అన్నారు. లేదన్నాను. "మంచిది" అన్నారు. ఆన్‌సెట్, కొన విషయంలో ఇండియం చార్ట్ చూపించాక ఆన్‌సెట్ రాయడానికి ఒప్పుకున్నారు.

మిగిలింది ఒకటే. కస్టమర్‌కి ఏమని రాయాలి? రెండు పీక్‌లు చూసి బ్యాచ్ వెనక్కి పంపేస్తాడేమోనని సార్‌కి భయం. రెండోసారి నడిపిన చార్ట్, ఒకటే పీక్ ఉన్నది, పంపిద్దామా అని కూడా అన్నారు.

పరవాడ_పౌడర్

వద్దు, ఆ పని అస్సలు చేయకండి. అది మీరు పంపే పదార్థం చార్ట్ కాదు. 180కి వేడిచేశాక పాన్‌లో ఉన్నది ఫామ్ 1, మీ డ్రమ్ములో ఉన్నది ఫామ్ 3. కస్టమర్ థర్మోగ్రామ్ అడిగాడంటే బహుశా ఆ 175 పీక్ చూడటానికే అడిగి ఉంటాడు. అది ఉంటేనే ఫామ్ 3 అని అతనికి నమ్మకం. నిజంగా 175 దగ్గర ఏమీ లేకుండా చార్ట్ వచ్చిన రోజున మీ సార్ భయపడాలి.

రాయడం సూటిగా రాయండి. ఎంత శాంపిల్, ఏ పాన్, నైట్రోజన్ ఎంత, రేటు ఎంత. మొదటి ఎండోథర్మ్ ఆన్‌సెట్ 174.6, ఫామ్ 3 కరగడం. వెంటనే ఎక్సోథర్మ్ (వేడి వదలడం), ఫామ్ 1గా స్ఫటికీకరణ. రెండో ఎండోథర్మ్ ఆన్‌సెట్ 190.7, ఫామ్ 1 కరగడం. మొదటి గుంటకి జౌల్స్ ఇవ్వకండి, మూపురంతో కలిసిపోయింది కాబట్టి ఆ వైశాల్యానికి అర్థం లేదు. చార్ట్ 30 నుంచి 220 దాకా మొత్తం పెట్టండి, జూమ్ కావాలంటే పక్కన వేరే బొమ్మగా. ఫామ్ పేరు రాస్తున్నారు కాబట్టి ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటికం అమరిక చూసే పరీక్ష) ప్యాటర్న్ జతచేస్తే ఇంకెవరూ నోరెత్తరు. డీఎస్‌సీ వేడిచేసి అడుగుతుంది, ఎక్స్‌ఆర్‌డీ ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తుంది, రెండూ ఒకే మాట చెబితే చాలు.

పాత రన్ సంగతి క్యూఏకి (క్వాలిటీ అష్యూరెన్స్‌కి) మీరే ముందు చెప్పండి, కాగితం మీద. మీరు ఫైల్ తెరిచినట్టు ఆడిట్ ట్రయల్‌లో (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సాఫ్ట్‌వేర్ దాచే చిట్టా) పడే ఉంటుంది. ఆ డేటాని రీప్రాసెస్ మాత్రం చేయొద్దు.

బాలానగర్_తాత

గోడ మీద సూదులు పాకాయని రాశావు చూడు, మా సీనియర్ ఉంటే ఆ పేజీకి సంతకం పెట్టేవారు. నోట్‌బుక్‌లో కూడా అలాగే రాశావా, ఇక్కడే రాశావా?

స్పాచులా

నోట్‌బుక్‌లో "175 దగ్గర పాక్షికంగా కరిగి తిరిగి ఘనీభవించింది, సూది ఆకారం" అని రాశాను తాతగారూ. "అబ్బా" మాత్రం రాయలేదు.

క్యూఏ మేడమ్‌కి చెప్పాను, డీవియేషన్ (పద్ధతి తప్పిన సంగతి నమోదు) నంబర్ ఇచ్చారు. కస్టమర్‌కి రెండు రోజులు గడువు అడుగుతూ మెయిల్ వెళ్లింది. శాంపిల్ రేపు పొద్దున ఎక్స్‌ఆర్‌డీకి బయటి ల్యాబ్‌కి పంపుతున్నాం, ప్యాకెట్ మీద ఎర్ర పెన్నుతో "నూరవద్దు" అని రాసి పెట్టాను.